పెద్ద చుక్క, చిన్న చుక్క

టీచరమ్మ గారు పోయారన్న కబురు మాకు అల్లూరు బస్సులో వచ్చింది. కోతలు ముగిసి కళ్ళంలో కుప్పలు వేసిన వారం అది. వాకిట్లో చాప పరిచి పాప కాళ్ళకు నూనె రాస్తున్నాను. తెల్లచీర కట్టుకున్న ఒకామె చంకలో రేకుపెట్టెతో వచ్చి, మా ఇంటి గుర్తులు చెప్పి, ఇదేనా అని అడిగింది. తాను టీచరమ్మ గారి అక్క కూతురినని, నెల్లూరులో నర్సు పని చేస్తున్నానని చెప్పింది. ఆదివారం ప్రార్థనకు బయలుదేరుతూ గొడుగు కోసం వంగిన మనిషి మళ్ళీ లేవలేదట. మట్టి చేసి పది రోజులైందట.

రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, రాయకపోతే ఆమెకు అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ మాట వినగానే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. ఇంక మా పాపను ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేరు అనుకున్నాను. ఆ తర్వాతే ఏడ్చాను.

ఆ ప్రశ్న ఏమిటో చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి.

మా పాపకు ఇప్పుడు ఆరేళ్ళు. పుట్టినప్పుడు చాలాసేపు ఏడవలేదు. మంత్రసాని కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి కొడితే అప్పుడు చిన్నగా మూలిగింది. ఏడాది దాటినా కూర్చోలేదు. కాళ్ళు కత్తెర మాదిరి ఒకదాని మీద ఒకటి పడేవి. చెయ్యి చాస్తే అనుకున్న చోటికి పోదు. నవ్వితే మెడ వెనక్కి వాలిపోతుంది. మాటలు గొంతులోనే ఉండిపోతాయి, నాకూ మా అత్తకూ తప్ప ఎవరికీ తెలియవు. మా ఆయన నెల్లూరు తీసుకుపోతే డాక్టరు చీటీ మీద సెరిబ్రల్ పాల్సీ అని ఇంగ్లీషులో రాసిచ్చి, పుట్టేటప్పుడు ఊపిరాడక మెదడుకు దెబ్బ తగిలిందని, ఇది పోయే జబ్బు కాదని, తెలివికి మాత్రం లోటు ఉన్నట్టు లేదని చెప్పాడు. నేను ఆ ఆఖరి మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. అది నిజమో కాదో తెలియక నాలుగేళ్ళు భయపడ్డాను.

పోయిన ఏడు వానలకు ముందు టీచరమ్మ గారు మొదటిసారి మా ఊరు వచ్చారు. నెల్లూరులో ఆడపిల్లల బళ్ళో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైనవారు. పట్నంలో ఇలాంటి పిల్లలను చూసే డాక్టరమ్మ ఒకామె ఆమెకు స్నేహితురాలు. ఆ డాక్టరమ్మ కోరిక మీద ఇలాంటి బిడ్డ ఎక్కడున్నాడంటే అక్కడికి బస్సులోనో, బండిలోనో, నడిచో పోయి, ఆ పిల్లలు తమ గురించి తాము ఏమనుకుంటున్నారో అడిగి రాసుకునేవారు. ఈ సంగతి వినగానే మా అత్త నవ్వింది.

“అదేం అడిగేది? ఆరేండ్లు లేని బిడ్డ తన గురించి ఏమనుకుంటది?”

“అది తెలియకే వచ్చినానమ్మా,” అన్నారు ఆమె. “కాళ్ళు కొలిచినారు, తల కొలిచినారు. ఇది మాత్రం తల్లిని అడిగి రాసుకుంటా వచ్చినారు. బిడ్డను అడిగినోళ్ళు లేరు.”

క్రైస్తవులని మా అత్త ఆమెను పంచ దాటి లోపలికి రమ్మనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది గానీ నోరెత్తలేదు. టీచరమ్మ గారు మాత్రం పిలుపు కోసం చూడనే లేదు. చెప్పులు విడిచి పంచలో నేల మీద కూర్చున్నారు. పాప చిన్న పీట మీద, వెనక దిండ్లతో ఉంది కాబట్టి ఆమె కళ్ళు పాప కళ్ళకంటే కొంచెం కిందికి వచ్చాయి. ఎక్కడికి పోయినా అలాగే కూర్చునేవారని తర్వాత తెలిసింది. చేతి గడియారం విప్పి బోర్లా పెట్టారు. పెన్సిలు బ్లేడుతో చెక్కి, ఆ చెక్కుపొట్టు రుమాలు కొసలో మూట కట్టుకున్నారు. పని అయ్యేదాకా మంచినీళ్ళు కూడా వద్దన్నారు.

రేకుపెట్టెలో బొమ్మల అట్టలు ఉన్నాయి. అన్నీ జంటలు. ఒక అట్ట మీద పాప తన చేత్తో అన్నం తింటూ ఉంటుంది, దాని జంట మీద పాపకు ఇంకొకరు తినిపిస్తుంటారు. ఒకదాని మీద పాపను పిల్లలు ఆటకు పిలుస్తుంటారు, రెండోదాని మీద పాప ఒక్కతే ఉంటుంది. మొదట ఆమెకు ఎవరో విదేశాల బొమ్మలు ఇచ్చారట. వాటిలో పిల్లలు బూట్లు వేసుకుని ఉంటే, ఇక్కడి పిల్లలు ఆ బూట్లు తప్ప ఇంకేమీ చూడలేదట. అందుకని పావడా కట్టి, జడ వేసి, ఆమే మళ్ళీ గీసుకున్నారు. రెండు బొమ్మల్లోనూ పాప మొహం ఒకటే, ఒకదానికి ఏడుపు మొహం, ఇంకొకదానికి నవ్వు మొహం అని పెట్టలేదు. ప్రతి అట్టకూ పైన ఒక పెద్ద చుక్క, కింద ఒక చిన్న చుక్క ఉన్నాయి.

“ఈ పాప తనే తింటది. ఈ పాపకు వాళ్ళమ్మ పెడతది. నువ్వు ఎవరి మాదిరి? చెయ్యి ఎత్తే పన్లేదు, కళ్ళతో చూపించు,” అనేవారు. పాప చూపు ఒక అట్ట మీద నిలిచాక రెండోది తీసేసి, “చాలా ఇట్లానేనా? అయితే పెద్ద చుక్క చూడు. కొంచెమేనా? చిన్న చుక్క చూడు,” అనేవారు. తర్వాత నోరు కదిపేవారు కాదు. పాప చూపు కుదరడానికి చాలాసేపు పడుతుంది. ఆమె అలా చూస్తూ కూర్చునేవారు. అడగడం ఎవరికైనా వస్తుంది, అడిగినాక ఊరుకోవడమే కష్టం అని ఆమె నాతో ఒకటికి రెండుసార్లు అన్నారు.

ఆ రోజు నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి.

నేను ఐదో తరగతి దాకా చదివాను. మా బడికి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు మా పంతులు ఆయన వెనక నిలబడి, మాకు జవాబు తెలియకపోతే కనుబొమలతో సైగ చేసేవాడు. బడికి మంచి పేరు రావాలని ఆయన తాపత్రయం. నాకు టీచరమ్మ గారి అట్టలు చూడగానే అదే తనిఖీ అనిపించింది. పాప తప్పు బొమ్మ చూస్తే బుద్ధిలేని పిల్ల అని రాసుకుని పోతారని భయం పట్టుకుంది. ఆమె వెనక, గుమ్మం పక్కన నిలబడి, ప్రతి అట్టకూ మంచి బొమ్మ వైపు కనుబొమ ఎగరేశాను. పెద్ద చుక్కకు గడ్డం పైకెత్తాను. పాప నా మొహం చూసేది, అట్ట చూసేది. అన్నిటికీ మంచి బొమ్మే, అన్నిటికీ పెద్ద చుక్కే.

టీచరమ్మ గారు ఆఖరి అట్ట పెట్టి, పుస్తకం మూశారు. వెనక్కి తిరగకుండానే అన్నారు.

“అమ్మాయ్, నీ జవాబులు బాగుండాయి. పాపవి ఎప్పుడు చెప్పిస్తావు?”

నాకు నేలలోకి దిగిపోదామనిపించింది. ఆమె కోప్పడలేదు. ఆ కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, వచ్చేవారం మళ్ళీ వస్తానని గొడుగు తీసుకుని ఎండలో బస్సు దాకా నడిచిపోయారు. మా ఇంటి నుంచి బస్సు ఆగే చోటికి ఇసుకలో రెండు మైళ్ళు.

వారం తర్వాత రాగానే నన్ను పాప వెనక గోడ వారగా కూర్చోబెట్టారు. పాపకు నా మొహం కనపడకూడదు, నాకు అట్టలు కనపడకూడదు. అంతకు ముందు నాకు ఒక కాగితం ఇచ్చి, పాప ఏమంటుందని నేను అనుకుంటున్నానో గుర్తులు పెట్టమన్నారు. నా బిడ్డ మనసు నాకు తెలియదా అనుకుంటూ గబగబా పెట్టేశాను. నిలబడడం రాదు, పెద్ద చుక్క. ఆటకు పిలవరు, పెద్ద చుక్క. అన్నీ అలాగే.

అయ్యాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించారు. నిలబడే పాప నేనే అని మా పాప పెద్ద చుక్క చూసింది.

“మీకు పొరపాటేమోనండీ. అది నిలబడలేదు,” అన్నాను.

టీచరమ్మ గారు వాకిట్లోకి చూపించారు. అక్కడ మా ఆయన సముద్రపు ఇసుక తెచ్చి పోసిన గుంట ఉంది. సాయంత్రం పాపను నడుము దాకా అందులో దించి ఇసుక కప్పుతాం. కాళ్ళు తిన్నగా వస్తాయని మా వైపు చేసే పని అది. గంటసేపు పాప అందులో నిటారుగా ఉంటుంది.

“ఆడ నిలబడతది గదా.”

“అది ఇసుక పట్టుకునుంటే గదండీ.”

“నేను కళ్ళద్దాలు పెట్టుకుని చదువుతా. నాకు చదువు రాదంటావా?”

లోపల తలుపు చాటు నుంచి మా అత్త నవ్వు వినిపించింది. ఆమె అక్కడ కూర్చుని అంతా వింటున్నదని నాకు అప్పుడే తెలిసింది.

పిల్లల ఆట సంగతీ అంతే. దాగుడుమూతల్లో మా వీధి పిల్లలు గుంటలో ఉన్న మా పాపను తాకితే ఇంక దొంగ పట్టుకోకూడదు. దాన్ని స్తంభం చేసి ఆడుకుంటున్నారే అని నేను లోపల కూర్చుని కుమిలేదాన్ని. మా పాప పెద్ద చుక్క చూసింది. అదీ ఆటకు పిలిచే బొమ్మ మీదే. ఆటలో అందరూ పరుగెత్తి వచ్చేది తన దగ్గరికే. టీచరమ్మ గారు అడిగి అడిగి, నేను అర్థం చెప్తుండగా, దాని గొంతులోనుంచి రాబట్టిన మాట అది.

నా గుండె కుదుటపడుతున్న సమయానికి ఆమె ఆఖరి జంట తీసి నాకు చూపించారు. ఒక అట్ట మీద అమ్మ పాపను చూసి నవ్వుతుంటుంది. ఒకదాని మీద అమ్మ పాపను చూసి ఏడుస్తుంటుంది. ఎదిగిన మనుషుల మొహాలకు మాత్రం తేడా పెట్టి గీశారు. ఇందాక పాప చూసింది ఏడ్చే అమ్మను. పెద్ద చుక్క.

పాప ముందర నేనెప్పుడూ ఏడవలేదు. వంటింట్లో పొయ్యి ఊదుతూ ఏడ్చేదాన్ని, బావి దగ్గర ఏడ్చేదాన్ని. దాని దగ్గరికి వచ్చేటప్పుడు మొహం కడుక్కుని, నవ్వుతూ వచ్చేదాన్ని. ఎవరైనా వచ్చి దాని ఎదుటే, ఇది మాట్లాడదా, ఇంక ఇంతేనా అని అడిగితే పెదవి బిగబట్టి జవాబు చెప్పేదాన్ని. అదంతా అది చూస్తూనే ఉంది.

“ఏం చేయమంటారండీ?” అని అడిగాను. ఆమెతో నేను తలెత్తి మాట్లాడింది అదే మొదటిసారి.

“నవ్వు నటించబాక. బిడ్డలకు అది తెలిసిపోతది. నీకు దిగులేస్తే దేనికి దిగులో పాపకు చెప్పు. చెప్పకుంటే అన్నీ తన వల్లే అనుకుంటది.”

పుస్తకం సర్దుకుంటూ, ఒకసారి కొలిస్తే కొలిచినట్టు కాదని, ఆ రోజు ఎండకో, ఆకలికో అట్లా చూసి ఉండవచ్చని, కోతలయ్యాక వచ్చి ఇవే అట్టలు మళ్ళీ అడుగుతానని చెప్పారు. ఆ రోజు పని ముగిశాక మా అత్త తానే మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఎండ తగ్గేదాకా లోపల నడుం వాల్చమన్నది. టీచరమ్మ గారు లోపలికి వచ్చి, మా అత్త మంచం మీద గంటసేపు నిద్రపోయారు. వారిద్దరిలో ఎవరూ ఆ సంగతి మాట్లాడలేదు.

ఆ తర్వాత ఆరు నెలలు నేను బతికింది భయంతోనే. ఆమె చెప్పినట్టు చేయడం మొదలుపెట్టాను గానీ మొదట్లో నోరు తిరిగేది కాదు. పైరు పొట్ట మీద ఉండగా సముద్రం మీద గాలి లేస్తే, పాపా, పైరు పడిపోతుందేమోనని దిగులుగా ఉందే అని చెప్పాను. పాలు విరిగితే విరిగాయని చెప్పాను. మా ఆయన వెంకటాచలం సంతకు పోయి చీకటి పడినా రాకపోతే అదీ చెప్పాను. మా అత్త వింటూ, బిడ్డకు చెప్పే మాటలంటే కథలు గదా మే, నువ్వు పితూరీలు చెప్తుండావు అన్నది. పాప మాత్రం మెడ వెనక్కి వాల్చి నవ్వేది. ఒకరోజు ఏమీ లేకుండానే కళ్ళు తుడుచుకుంటుంటే గొంతులో గురగురమని అడిగింది. గాలా, అని. కాదు, నువ్వు పెద్దయ్యాక ఎట్లాగో అని భయం వేసింది అని నిజం చెప్పాను. చెప్పినందుకు రెండు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. బాగుచేస్తున్నానో, చెడగొడుతున్నానో తెలియలేదు. టీచరమ్మ గారు వస్తే ఆ అట్టలు చెప్తాయి. ఆమె రావాలనీ ఉండేది, రాకూడదనీ ఉండేది.

ఆమె రాలేదు. ఆమె పెట్టె వచ్చింది.

నర్సమ్మ ఆ పెట్టె నా చేతిలో పెట్టింది. మా పాప కాగితం అన్నిటికంటే పైన ఉందట, దాని మీద మళ్ళీ అడగాలి అని రాసి ఉందట. డాక్టరమ్మకు పంపడానికి ముందు మాకు ఒకసారి చూపించాలనిపించిందని, సాయంత్రం బస్సుకు తిరిగి తీసుకుపోతానని చెప్పింది. కావాలంటే తానే అడుగుతానన్నది గానీ, కొత్త మనిషిని చూస్తే పాప కళ్ళు నిలవవు. నేను అడిగితే నా మొహం చూసి చెప్తుంది. ఆ తప్పు ఒకసారి చేశాను.

“ఎందుకులెండి, ఆమే లేకపోయాక,” అన్నాను. నిజానికి తప్పించుకోవాలని అన్నాను.

మా అత్త లేచి చెయ్యి కడుక్కుని వచ్చింది.

“నేనడుగుతా. నాకు రాయడం రాదు గానీ అడగడం రాదా? ఆమె అడిగిందంతా తలుపు చాటు నుంచి విన్నా. నువ్వు పోయి గోడకు కూర్చోమే.”

కొడుకు గడియారం తెప్పించి నేల మీద బోర్లా పెట్టింది. నడుము నొప్పి మనిషి, మూలుగుతూ నేల మీద కూర్చుంది, కళ్ళు పాప కళ్ళ కిందికి వచ్చేదాకా వంగింది. పెన్సిలు బదులు గుప్పెడు చింతగింజలు పెట్టుకుంది. “ఇదిగో బుజ్జమ్మా, ఈ పాప తనే తింటది. ఈ పాపకు వాళ్ళమ్మ పెడతది. నువ్వు ఎవరి మాదిరి?” అన్నది. అడిగి, జీవితంలో మొదటిసారి, నోరు మూసుకుని కూర్చుంది.

నాకు కనిపించింది పాప జడ, ఆ జడకు కట్టిన ఎర్ర రిబ్బను. అది కొంచెం కుడికి తిరిగేది, కొంచెం ఎడమకు తిరిగేది. ఏ పక్క ఏముందో నాకు తెలియదు. ఒక్కొక్క గింజ అట్ట మీద పెట్టిన చప్పుడు వినిపించేది. ఆఖరి జంట తీసిందని అత్త గొంతు బట్టి తెలిసింది. ఆ గొంతు కొంచెం బొంగురు పోయింది. అమ్మ నవ్వుతుంటది, అమ్మ ఏడుస్తుంటది అన్నది. రిబ్బను కదల్లేదు. చాలాసేపు కదల్లేదు. తర్వాత పక్కకు తిరిగి, కొంచెం కిందికి వాలింది. మెడ అలిసి వాలిందో, చూపు కోసం వంగిందో నాకు తెలియలేదు. గింజ చప్పుడైంది.

అత్త పాపను ఎత్తుకుని వాకిట్లో ఇసుక దగ్గరికి తీసుకుపోయింది. నర్సమ్మ కాగితం మీద గుర్తులు రాసుకుని, ఆఖరి అట్ట దగ్గర ఆగి, నా వైపు చూసింది. నేను మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి చూశాను.

ఏడ్చే అమ్మే. నవ్వే అమ్మ అట్టను అత్త పక్కకు తీసేసి ఉంది. కానీ గింజ పైన లేదు. కింద, చిన్న చుక్క మీద ఉంది.

వాకిట్లో పిల్లలు వచ్చి మా పాపను తాకి పోతున్న అరుపులు వినిపిస్తున్నాయి. బస్సుకు వేళవుతున్నదని నర్సమ్మ అట్టలన్నీ పెట్టెలో సర్దుకుంది. ఆ ఒక్కటి మాత్రం నేను తీసి ఇచ్చేదాకా ముట్టుకోలేదు. నేను వెంటనే తీయలేకపోయాను. సముద్రపు గాలికి అట్ట అంచు లేచి లేచి పడుతున్నది. చింతగింజ మాత్రం పెట్టిన చోటి నుంచి కదల్లేదు.